రెజ్యూమెలో పైథాన్ సరే.. మేడ్చల్ మ్యాప్ చదివించగలరా?

ఫైనలియర్ విద్యార్థుల రెజ్యూమెలు ఓ పది పక్కపక్కన పెట్టి చూడండి. స్కిల్స్ దగ్గర పైథాన్ అందరికీ ఉంటుంది. ప్రాజెక్టుల దగ్గరకొస్తే ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల డేటా, సినిమా రికమెండేషన్.. ఇవే తిరుగుతుంటాయి. వీటికి కోడ్ ఎప్పటి నుంచో ఇంటర్నెట్‌లో రెడీగా ఉంది. ఇప్పుడైతే వెతకాల్సిన పని కూడా లేదు, ఏఐ టూల్‌ను అడిగితే నిమిషంలో రాసిచ్చేస్తుంది. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లకూ ఈ సంగతి తెలుసు కాబట్టి ‘కోడ్ రాయడం వచ్చా?’ అన్నదానికన్నా ‘ఇది ఇచ్చిన జవాబు కరెక్టని మీకెలా తెలిసింది?’ అన్న ప్రశ్నకే బరువు ఎక్కువ.

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించినప్పుడు అందరి వేలూ ఏఐ వైపే చూపించింది. కంపెనీ మాత్రం కారణం ఏఐ కాదని, నైపుణ్యాలకూ అవసరాలకూ పొంతన కుదరకపోవడమని చెప్పింది. ఆ మాటను ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. కానీ ‘పొంతన లేకపోవడం’ అంటే నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మ్యాప్ ఫైలు ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని పైథాన్‌తో తెరిస్తే చాలు.

ఈ రెండు ఊళ్లే ఎందుకంటే..

నగరానికి ఉత్తరాన రోడ్ల లెక్కలు మారిపోతున్నాయి. నాగ్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి 44 మేడ్చల్ మీదుగా పోతుంది. కరీంనగర్, రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా పోతుంది. ఈ రెండింటినీ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అడ్డంగా కలుపుతుంది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ వరకు ఎంఎంటీఎస్ వచ్చింది. 2024 మార్చిలో రెండు ఎలివేటెడ్ కారిడార్లకు శంకుస్థాపనలు జరిగాయి. ఒకటి ప్యారడైజ్ నుంచి రాజీవ్ రహదారి వెంట శామీర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ వరకు, రెండోది ప్యారడైజ్ నుంచి ఎన్‌హెచ్ 44 మీద డెయిరీఫాం రోడ్డు వరకు. మొదటి దాంట్లో ఎలివేటెడ్ భాగమే 11 కిలోమీటర్లకు పైగా, అంచనా వ్యయం రూ.2,232 కోట్లు. 2025 జనవరి 1న ముఖ్యమంత్రి ప్యారడైజ్–మేడ్చల్, జేబీఎస్–శామీర్‌పేట మెట్రో మార్గాలకు డీపీఆర్‌లు సిద్ధం చేయమన్నారు. ఒకటి సుమారు 23 కిలోమీటర్లు, ఇంకోటి సుమారు 22. ఆ ఏడాది చివర్లో మేడ్చల్, తూంకుంట, కొంపల్లి లాంటి మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి.

ఇంత మార్పు జరుగుతున్నచోట ప్రతి ఒక్కరూ ఓ అంకె చెబుతారు. ‘ఓఆర్‌ఆర్ ఎగ్జిట్‌కు 5 నిమిషాలు’ అని ప్లాట్ల బ్రోచర్ చెబుతుంది. ఫ్లైఓవర్ వస్తే ఇంత సమయం మిగులుతుందని నాయకులు చెబుతారు. ఆ అంకెను ఇంట్లో కూర్చుని, ఉచిత డేటాతో, మీ అంతట మీరు లెక్కకట్టి చూడగలిగితే దాని విలువ వేరు. పైగా ఈ రోడ్లు మీకు తెలుసు. కండ్లకోయకో మైసమ్మగూడకో రోజూ తిరిగే మీకు, ప్రోగ్రామ్ తప్పు దారి చూపిస్తే కంటికి వెంటనే తెలుస్తుంది. టైటానిక్ డేటాతో ఆ సౌకర్యం లేదు కదా!

ఫైల్లో ఏముంటుంది?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో బ్రిటన్‌లో మొదలైంది. వికీపీడియాలా ఎవరైనా దిద్దగలిగే మ్యాప్ ఇది. దీని డేటా ఎక్స్‌ఎంఎల్ రూపంలో దొరుకుతుంది. హెచ్‌టీఎంఎల్ చూసినవాళ్లకు ఎక్స్‌ఎంఎల్ కొత్తేమీ కాదు, అవే కోణపు బ్రాకెట్లు, ఒకదాంట్లో ఒకటి ఇమిడిన ట్యాగులు. మ్యాప్ ఫైల్లో ముఖ్యంగా ఉండేవి మూడు. నోడ్ అంటే ఒక బిందువు. దానికో నంబరు, అక్షాంశం, రేఖాంశం. వే అంటే కొన్ని నోడ్ల నంబర్లను వరుసగా పేర్చిన జాబితా. రోడ్డయినా కావచ్చు, చెరువు గట్టయినా కావచ్చు. రిలేషన్ అంటే ‘ఈ రోడ్డు నుంచి ఆ రోడ్డుకు మలుపు లేదు’ లాంటి సంబంధాలు.

ఇక్కడే గ్రాఫ్ వస్తుంది. ఎక్సెల్లో గీసే బార్ గ్రాఫ్ సంగతి కాదు, డేటా స్ట్రక్చర్స్‌లో మీరు చదివిన గ్రాఫే. బిందువులు, వాటిని కలిపే గీతలు. రోడ్డు కూడళ్లు బిందువులైతే, రోడ్లు గీతలు. సెమిస్టర్ పరీక్షలో ఐదు బిందువుల బొమ్మ మీద డైక్‌స్ట్రా అల్గారిథమ్ చేసి మార్కులు తెచ్చుకున్నారుగా, అదే అల్గారిథమ్ ఇక్కడ వేల బిందువుల మీద పని చేస్తుంది. తేడా ఒక్కటే. పరీక్షలో గ్రాఫ్ గీసి ఇస్తారు. ఇక్కడ ఫైల్లోంచి మీరే తీయాలి.

కోడ్ నడుస్తుంది.. జవాబు తప్పుతుంది

పైథాన్‌తోపాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీ మాడ్యూల్‌తో ఫైలు తెరిచి, నోడ్లను చదివి, నెట్‌వర్క్ఎక్స్ లైబ్రరీతో గ్రాఫ్ కట్టడానికి ఇరవై, ముప్పై లైన్లు చాలు. ఏఐ టూల్ కూడా ఇదే రాసిస్తుంది. ఎర్రర్ రాదు. తప్పులన్నీ ఎర్రర్ రాని చోటే ఉంటాయి.

మొదటిది నంబర్ల సంగతి. ఎక్స్‌ఎంఎల్ నుంచి వచ్చే ప్రతి విలువా అక్షరాల రూపంలోనే, అంటే స్ట్రింగ్‌గానే వస్తుంది. నోడ్లు చదివేటప్పుడు నంబరును ఇంటిజర్‌గా మార్చి, వే చదివేటప్పుడు మార్చడం మరిచిపోయారనుకోండి. నెట్‌వర్క్ఎక్స్ నోరెత్తదు. గీత కలపమన్న బిందువు గ్రాఫ్‌లో లేకపోతే కొత్తది సృష్టించేస్తుంది. అలా ఒకే కూడలి రెండుసార్లు పుడుతుంది, ఒకటి అంకెగా, ఒకటి స్ట్రింగ్‌గా. అంకెగా ఉన్నదానికి అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి, రోడ్లు ఉండవు. స్ట్రింగ్‌గా ఉన్నదానికి రోడ్లు ఉంటాయి, అది ఎక్కడుందో తెలియదు. గ్రాఫ్ కట్టగానే నోడ్ల సంఖ్యను ఫైల్లోని సంఖ్యతో పోల్చి చూసే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని పది సెకన్లలో పట్టేస్తారు.

రెండోది, రోడ్డును మొదలు నుంచి చివరకు ఒకే గీతగా కలిపేయడం. ఒక వేలో పదుల కొద్దీ నోడ్లు ఉంటాయి, మధ్యలో ఎక్కడో పక్క వీధి వచ్చి కలుస్తుంది. మొదటి నోడ్‌నూ చివరి నోడ్‌నూ మాత్రమే కలిపితే ఆ పక్క వీధి గాల్లో వేలాడుతుంది. వరుసలో ఉన్న ప్రతి రెండు నోడ్లనూ కలుపుకుంటూ పోవాలి.

మూడోది మన ప్రాంతానికి బాగా పట్టేది. ఎన్‌హెచ్ 44ను ఓఆర్‌ఆర్ దాటేచోట మ్యాప్‌లో రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించుకున్నట్టు కనిపిస్తాయి. అయితే అక్కడ మలుపు తిరగలేం, ఒకటి పైన, ఒకటి కింద. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నియమం చాలా సూటిగా ఉంటుంది: రెండు రోడ్లకూ ఉమ్మడి నోడ్ ఉంటేనే అవి కలిసినట్టు. గీతలు అడ్డంగా దాటినంత మాత్రాన కలిసినట్టు కాదు. అది తెలియక, గీతలు ఖండించుకున్న ప్రతిచోటా కూడలి పెట్టే కోడ్ రాస్తే మీ ప్రోగ్రామ్ ఓఆర్‌ఆర్ మీద నుంచి కిందనున్న హైవేపైకి కారును దూకించేస్తుంది.

ఎలివేటెడ్ కారిడార్లు పూర్తయ్యాక ఇంకో చిక్కు వస్తుంది. కింద పాత రోడ్డు, పైన కొత్త రోడ్డు. గ్రాఫ్‌ను చిన్నది చేసుకుని రెండు పెద్ద కూడళ్ల మధ్య ఒక్కో రోడ్డును ఒక్కో గీతగా మార్చినప్పుడు, ఒకే జత బిందువుల మధ్య రెండు గీతలు అవసరమవుతాయి. నెట్‌వర్క్ఎక్స్‌లో మామూలు గ్రాఫ్ ఒక జతకు ఒక దిశలో ఒక్క గీతనే దాచుకుంటుంది, రెండోది వచ్చి మొదటిదాని వివరాలను చెరిపేస్తుంది. వేల కోట్లు పెట్టి కట్టిన ఫ్లైఓవర్ మీ డేటాలో మాయం! లేదా కింది రోడ్డు మాయం. దీనికి మల్టీడైగ్రాఫ్ అని వేరే రకం ఉంది. ఒకే జతకు ఎన్ని గీతలైనా ఉండొచ్చు, ఒక్కోదానికీ దిశ ఉంటుంది. ‘గ్రాఫ్, డైగ్రాఫ్, మల్టీడైగ్రాఫ్‌లలో ఏది ఎందుకు వాడారు?’ అంటే థియరీ నిర్వచనం చెప్పేవాళ్లు చాలామంది. ప్యారడైజ్–శామీర్‌పేట కారిడార్‌ను ఉదాహరణగా చెప్పేవాళ్లు తక్కువ.

దిశ గురించి ఇంకో మాట. వన్‌వే ట్యాగ్‌కు అవును, కాదు అనే విలువలతోపాటు మైనస్ ఒకటి అనే విలువ కూడా ఉంటుంది. నోడ్లు రాసిన వరుసకు ఎదురు దిశలో వాహనాలు వెళ్తాయని దానర్థం. మోటార్‌వే తరగతి రోడ్లకు, రౌండ్ అబౌట్లకు వన్‌వే అని విడిగా రాయకపోయినా వన్‌వేగానే తీసుకోవాలి. ఈ సంగతి ఎక్స్‌ఎంఎల్‌లో వెతికితే దొరకదు, డాక్యుమెంటేషన్ చదివినవాళ్లకే తెలుస్తుంది. ఏఐ రాసిచ్చిన కోడ్‌లో ముందుగా ఇదే వెతకండి.

అక్షాంశ రేఖాంశాల తారుమారు అయితే నవ్వొస్తుంది. మేడ్చల్ సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. కొన్ని ఫార్మాట్లు అక్షాంశం ముందు రాస్తాయి, కొన్ని రేఖాంశం ముందు. అటూ ఇటూ అయితే మేడ్చల్ నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలుతుంది. ఈ తప్పు మ్యాప్ మీద గీసి చూస్తే వెంటనే దొరుకుతుంది. దూరాలు మాత్రమే చూస్తే అంత తేలిగ్గా దొరక్కపోవచ్చు.

బైక్ మీద వెళ్లేవాడికి ఏ దారి?

ఇప్పుడు అసలు పరీక్ష. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు దగ్గరి దారి అడగండి.

వెయిట్ ఏమిటో చెప్పకుండా అడిగితే నెట్‌వర్క్ఎక్స్ కిలోమీటర్లు చూడదు, ఎన్ని గీతలు దాటాలో లెక్కపెడుతుంది. మలుపులున్న ఊరి రోడ్డుకు నోడ్లు ఎక్కువ, తిన్నగా పోయే హైవేకు తక్కువ. కాబట్టి చుట్టు తిరిగినా సరే హైవేనే ‘దగ్గర’ అంటుంది. సరే, ప్రతి గీతకూ పొడవు లెక్కకట్టి వెయిట్‌గా ఇచ్చారు. పొడవు లెక్కలోనూ ఓ చిన్న మెలిక ఉంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు, మన దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ అంటే 106 కిలోమీటర్లే. హావర్‌సైన్ సూత్రం వాడితే ఈ గొడవ ఉండదు. ఇప్పుడు ప్రోగ్రామ్ ఓఆర్‌ఆర్ ఎక్కించి శామీర్‌పేట ఎగ్జిట్‌లో దింపిందనుకోండి. కారుకు అది సరైన దారే.

మీరు బైక్ మీద ఉన్నారు. ఓఆర్‌ఆర్ ప్రధాన మార్గం మీద ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు అనుమతి లేదు, సర్వీసు రోడ్డే గతి. కాలేజీ విద్యార్థి, ఫుడ్ డెలివరీ కుర్రాడు, ఆటో డ్రైవర్.. వీళ్లెవరికీ ప్రోగ్రామ్ చెప్పిన దారి పనికిరాదు. డెలివరీ యాప్ ఈ దారి ప్రకారం సమయం లెక్కకడితే, ఆలస్యమైందన్న నింద పడేది బండి నడిపినవాడి మీదే. ఎక్స్‌ఎంఎల్ పార్సింగ్‌లో ఒక ట్యాగ్‌ను పట్టించుకోకపోవడం ఒకరి రోజు కూలీ దాకా వెళ్తుంది.

పరిష్కారం కష్టమేం కాదు. గీత కలిపేటప్పుడే రోడ్డు తరగతిని కూడా దాచుకోండి. కారు గ్రాఫ్, బైక్ గ్రాఫ్ వేరుగా కట్టండి. బైక్ గ్రాఫ్‌లోంచి మోటార్‌వేలు తీసేయండి. ప్రైవేటు అని గుర్తు పెట్టిన క్యాంపస్, రక్షణ శాఖ రోడ్లను రెండింట్లోంచీ తీసేయండి. రాజీవ్ రహదారి పక్కనే హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, దాని లోపలి నుంచి షార్ట్‌కట్ చూపించే ప్రోగ్రామ్‌ను ఎవరూ మెచ్చుకోరు. తర్వాత రెండు గ్రాఫుల్లోనూ అదే ప్రశ్న అడిగి దూరాలు పక్కపక్కన పెట్టండి. ఆ తేడాయే మీ ప్రాజెక్టు. బ్రోచర్‌లోని ‘5 నిమిషాలు’ ఎవరికి వర్తిస్తుందో కూడా అప్పుడు తేలుతుంది.

ఇదే గ్రాఫ్ ఇంకొంచెం ముందుకు కూడా తీసుకెళ్తుంది. రాబోయే కారిడార్‌ను మీరే ఒక గీతగా కలిపి, ప్యారడైజ్ నుంచి శామీర్‌పేటకు పట్టే సమయం ముందూ తర్వాతా ఎంతో చూడొచ్చు. అయితే వేగాన్ని మీరే ఊహించి ఇస్తున్నారని, ట్రాఫిక్ లెక్కలోకి రాలేదని రిపోర్టులో రాయాలి. అలా రాసినవాళ్లనే పెద్దవాళ్లు నమ్ముతారు.

రోడ్లతోనే అయిపోదు

శామీర్‌పేట దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. బయోటెక్, ఫార్మసీ విద్యార్థులు ‘ఇదంతా సీఎస్ఈ వాళ్ల గొడవ’ అని పేజీ తిప్పేయకండి. జీవకణంలోని రసాయన చర్యల నమూనాలను ఎస్‌బీఎంఎల్ అనే ఫార్మాట్‌లో రాస్తారు, అదీ ఎక్స్‌ఎంఎల్లే. జీవక్రియల మార్గాల డేటాబేస్ కెగ్‌కు కేజీఎంఎల్ అని సొంత ఫార్మాట్ ఉంది. అక్కడ నోడ్లు ప్రొటీన్లు, రసాయనాలు. గీతలు వాటి మధ్య చర్యలు. ఒక చర్యలో రెండు పదార్థాలు కలిసి మూడోది పుడితే దాన్ని ఒక్క గీతతో ఎలా చూపిస్తారు? చూపించలేరు. చర్యను కూడా ఒక నోడ్‌గా పెట్టాలి. రోడ్ల దగ్గర ఎదురవని ప్రశ్న ఇది. జీవశాస్త్రం తెలిసి, ఈ ఫైలును పైథాన్‌తో తెరవగలిగినవాళ్లకు బయోఇన్ఫర్మాటిక్స్ వైపు ఒక దారి ఉన్నట్టే. విద్యుత్ గ్రిడ్ల నమూనాలను ఇచ్చిపుచ్చుకునే సీఐఎం ప్రమాణం కూడా ఎక్స్‌ఎంఎల్ మీదే నడుస్తుంది, ఈఈఈ వాళ్లకు అదొక ఆధారం.

మ్యాప్‌ల రంగంలో తలుపులు ఈమధ్యే తెరుచుకున్నాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక, భారతీయ సంస్థలు మ్యాప్ డేటా సేకరించడానికీ, తయారు చేయడానికీ ముందస్తు అనుమతుల అవసరం పోయింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. ఈ రంగంలో శిక్షణ ఇచ్చే సర్వే ఆఫ్ ఇండియా సంస్థ ఉప్పల్‌లో, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉన్నాయి. మేడ్చల్ నుంచి బాలానగర్ ఎంత దూరం? గ్రాఫ్‌ను అడగండి.

ఈ వారాంతంలోనే మొదలుపెట్టాలంటే..

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఒకసారికి 50 వేల నోడ్ల వరకే ఇస్తుంది. భవనాలన్నీ కలిపితే రెండు ఊళ్లకు అది సరిపోకపోవచ్చు. ఓవర్‌పాస్ సర్వీసులో రోడ్లు మాత్రమే కావాలని అడిగి తెచ్చుకోండి. మీరు గీసిన చతురస్రం అంచు దగ్గర కొన్ని వేలు ప్రస్తావించే నోడ్లు ఫైల్లో లేకపోవచ్చు, కోడ్ అక్కడ ఆగిపోతే కంగారు పడొద్దు. ఫైలు పెద్దదైతే మొత్తం ఒకేసారి మెమరీలోకి లాగకుండా ఐటర్‌పార్స్‌తో ముక్కముక్కగా చదవండి, చదివిన ముక్కను వెంటనే ఖాళీ చేయండి. ఇది మరిచిపోతే 8 జీబీ ల్యాప్‌టాప్ పడకేస్తుంది. రోడ్లను, ఊళ్లను పేర్లతో జత చేయొద్దు, నంబర్లతోనే చేయండి. శామీర్‌పేటను ఇంగ్లిష్‌లోనే రెండు మూడు రకాలుగా రాస్తారు, తెలుగు పేరుకు వేరే ట్యాగ్ ఉంటుంది. పేరులేని రోడ్లకైతే లెక్కే లేదు.

ఇదంతా ఓఎస్‌ఎంఎన్‌ఎక్స్ అనే లైబ్రరీ రెండు లైన్లలో చేసేస్తుంది కదా అని మీ సీనియర్ అనొచ్చు. నిజమే, ఉద్యోగంలో అదే వాడతారు. మొదటిసారి మాత్రం చేత్తో రాసి, తర్వాత ఆ లైబ్రరీ ఇచ్చిన గ్రాఫ్‌తో మీ గ్రాఫ్‌ను పోల్చండి. నోడ్ల సంఖ్య తేడా వస్తుంది, ఎందుకంటే అది మలుపుల దగ్గరి నోడ్లను తీసేసి కూడళ్లను మాత్రమే ఉంచుతుంది. ఆ గ్రాఫ్‌ను గ్రాఫ్‌ఎంఎల్‌గా సేవ్ చేసి, మళ్లీ ఎలిమెంట్‌ట్రీతో తెరిచి నోడ్లు వెతికితే ఖాళీ జాబితా వస్తుంది. ఫైలు పాడైందనుకుంటారు చాలామంది. కాదు, గ్రాఫ్‌ఎంఎల్‌లో ప్రతి ట్యాగ్ పేరు ముందూ నేమ్‌స్పేస్ అనే ఇంటిపేరు ఉంటుంది. దాంతో కలిపి పిలిస్తేనే పలుకుతుంది.

ప్రాజెక్టును గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్లదని తప్పకుండా రాయండి, అది లైసెన్సు షరతు. డౌన్‌లోడ్ చేసిన తేదీ కూడా వేయండి, ఇక్కడి రోడ్లు ఏడాదిలో మారిపోతున్నాయి. మీ కాలేజీ వెనక వీధి మ్యాప్‌లో లేదని కనిపెడితే అకౌంట్ తెరిచి మీరే గీయండి. వచ్చేవారం అదే ఫైలు మళ్లీ దించుకుంటే అందులో ఆ వీధి ఉంటుంది.